బరోడానా, ఢిల్లీనా, ఇంటి పక్కనేనా?

సైకాలజీ డిగ్రీ సీటు కోసం సూరత్ తెలుగు ఇళ్లలో లెక్కలు

ఆల్థాన్ కెనాల్ రోడ్డు పక్కన ఓ అపార్ట్‌మెంట్. టీపాయ్ మీద రూళ్ల నోటుబుక్కు, అందులో ఐదు పేర్లు. సూరత్‌లోనే ఒక ఆర్ట్స్ కాలేజీ, హజీరా వైపున్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ, వడోదర ఎమ్మెస్ యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ, అడుగున పెన్సిల్‌తో హైదరాబాద్. ఫీజులు రాసింది తండ్రి. హాస్టల్ దగ్గర ప్రశ్నార్థకాలు పెట్టింది తల్లి. అమ్మాయి ఫోన్లో ర్యాంకులు వెతుకుతోంది. ఆ పక్క సోఫాలోంచి నానమ్మ అడిగింది.

"సైకాలజీ అంటే పిచ్చోళ్ల డాక్టరా బిడ్డా?"

"డాక్టర్ కాదు నానమ్మా, మూడేండ్ల డిగ్రీ."

"డాక్టర్ గాకపోతే మరి ఏమైతవే?"

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఇలాంటి మాటలు ఏ ఇంట్లోనైనా వినిపిస్తాయి. అందరిలోకీ సూటిగా అడిగింది మాత్రం ఆ పెద్దావిడే. ఏమవుతావో తేలితేనే ఎక్కడ చదవాలో తేలుతుంది. మనం ముందు యూనివర్సిటీ పేరు ఖాయం చేసుకుని, ఏమవుతారన్నది మూడేళ్ల తర్వాత చూసుకుందాం అనుకుంటాం. ఇంజినీరింగ్‌లో ఆ పద్ధతి ఎలాగోలా నడిచిపోతుందేమో గానీ సైకాలజీలో నడవదు.

లింబాయత్ నుంచి ఆల్థాన్ దాకా

సూరత్‌కు తెలుగువాళ్లను పిలిచింది మగ్గం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి పద్మశాలీలు పవర్‌లూమ్‌ల పనికి వచ్చి లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు నిలబడ్డారు. నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాల సరసన తెలుగు మాధ్యమం కూడా ఉందంటే అది వాళ్ల చలవే. హజీరా ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలొచ్చి దిగిన తెలుగు ఇంజినీర్ల కుటుంబాలది వేరే కథ. ఆల్థాన్ ఆ మగ్గాల బస్తీలకు ఎడంగా, నగరానికి నైరుతి దిక్కున పెరిగిన కొత్త పేట. సర్థానా నుంచి డ్రీమ్ సిటీకి వేస్తున్న మెట్రో లైను ఈ పేట మీదుగానే పోతుంది. తాత మగ్గం నడిపాడు, తండ్రి మార్కెట్లో దుకాణం పెట్టాడు, మనవరాలు సైకాలజీ అడుగుతోంది.

ఈ ఇళ్లలో ఇంజినీరింగ్ అంటే ఎవరిని అడగాలో తెలుసు. సీఏ అయితే పక్క ఫ్లాట్‌లోనే ఒకరుంటారు. సైకాలజీకి అడగడానికి మనిషి దొరకడు. తెలుగిళ్లకు ఆ సబ్జెక్టు రెండు దారుల్లో తెలిసింది. ఒకటి బి.వి. పట్టాభిరామ్ వేదికల మీద చూపించిన హిప్నాటిజం, ఆయన రాసిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు. రెండోది హైదరాబాద్ మానసిక వైద్యశాల ఉన్న పేట పేరుతో 'ఎర్రగడ్డ' అనే వెక్కిరింపు. కాలేజీలో చెప్పేది ఈ రెండింటిలో ఏదీ కాదు. చూపు ఎలా మోసపోతుంది, జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, పసిపిల్ల మాట ఎప్పుడు నేరుస్తుంది, గుంపులో మనిషి ఎందుకు మారతాడు, మనసుకు జబ్బు చేస్తే దాన్ని ఏ పేరుతో గుర్తిస్తారు, ఇదీ పాఠం. దాంతోపాటు స్టాటిస్టిక్స్. లెక్కల్ని తప్పించుకోవచ్చని ఆర్ట్స్‌లో చేరిన పిల్లలకు స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, టీ-టెస్ట్ ఎదురొచ్చినప్పుడు కళ్లనీళ్ల పర్యంతమవుతుంది. సిలబస్‌లో స్టాటిస్టిక్స్ పేపర్లు ఎన్నున్నాయో చేరకముందే చూసుకోవాలి. ఎక్కువుంటే భయపడక్కర్లేదు, అది మంచి కోర్సు అని గుర్తు.

నానమ్మకు జవాబు

బీఏ సైకాలజీ పాసైనవాళ్లు సైకాలజిస్టులు కారు. ఈ ముక్క ప్రాస్పెక్టస్‌ల్లో పెద్దక్షరాలతో ఎవరూ వేయరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. లేదంటే సైకాలజీలో పీజీ చేసి, పర్యవేక్షణలో రోగులతో పనిచేస్తూ రెండేళ్ల పూర్తికాలం ఎంఫిల్ ముగించి ఉండాలి. డిగ్రీ మూడు, పీజీ రెండు, ఆపైన రెండు. వెరసి ఏడేళ్లు.

ఈ నిచ్చెన మెట్లు కూడా ఇప్పుడు మారుతున్నాయి. దేశమంతటా ఎంఫిల్‌ను ఎత్తేసిన యూజీసీ, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025–26 విద్యా సంవత్సరం దాకా గడువిచ్చింది. కొత్త పద్ధతిలో ఆర్‌సీఐ నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్ అనే కోర్సును తెచ్చింది. ఇది నడపాలంటే ఆర్‌సీఐ అనుమతి కావాలి. కాబట్టి ఏ కాలేజీ అయినా బోర్డు మీద 'క్లినికల్' అని రాసుకుంటే, అనుమతి పత్రం చూపించమని అడగడం తప్పు కాదు, మొహమాటపడాల్సిన పనీ లేదు. బోర్డు మీద ఆ మాట రాయడానికి పెయింటర్ ఒక్కడు చాలు.

రోగులతో పనిచేయాలని లేదు, స్కూల్లో కౌన్సెలర్‌గానో, కంపెనీలో హెచ్ఆర్‌లోనో, పరిశోధనలోనో ఉండాలనుకుంటే దారి వేరు. అక్కడా పీజీ తప్పదు గానీ ఏడేళ్లు అక్కర్లేదు. నాలుగేళ్ల డిగ్రీకి ఇక్కడే విలువ వస్తుంది. కొత్త క్రెడిట్ల లెక్కలో మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు. నాలుగేళ్లు చదివినవాళ్లకు పీజీ ఏడాదిలో పూర్తయ్యే వీలుంది. అయితే కాగితం మీద నాలుగో ఏడు ఉండటం వేరు, ఆ ఏడాది పరిశోధన చేయించగల అధ్యాపకులు ఉండటం వేరు. 'నిరుడు నాలుగో ఏట ఎంతమంది కొనసాగారు' అని అడిగితే ఆఫీసు గుమస్తా ముఖంలోనే జవాబు తెలిసిపోతుంది.

మన ఇళ్లలో ఆడపిల్లలకు చెప్పే పాతమాట ఒకటుంది. "ముందు పెండ్లి కానీయ్, మిగతాది దూరవిద్యల చదువుకుందువు." సైకాలజీకి ఆ తలుపు మూతపడింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి సైకాలజీ రావడంతో, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఈ సబ్జెక్టును దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. చదివితే తరగతి గదిలో కూర్చునే చదవాలి. ఆడపిల్ల విషయంలో ఈ నిర్ణయం వాయిదా వేయడమంటే వద్దనడమే. తల్లిదండ్రులు ఇది గమనించాలి.

నోటుబుక్కులో పేర్లు

ఇంటికి దగ్గరిది ముందు. వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం 1967లో దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంగా మొదలైంది. సూరత్‌లో పుట్టిన కవి నర్మద్ పేరు 2004లో చేరింది. ప్రాంగణం ఉధనా-మగ్దల్లా రోడ్డులో, ఆల్థాన్‌కు కొద్ది కిలోమీటర్లలోనే. కానీ డిగ్రీ పాఠం జరిగేది ఎక్కువగా అనుబంధ కాలేజీల్లో. మార్కుల మెమో మీద యూనివర్సిటీ పేరు అందరికీ ఒకటే, ల్యాబు మాత్రం ఏ కాలేజీది ఆ కాలేజీదే. 'యూనివర్సిటీ మంచిదేనా' అన్న ప్రశ్న ఇక్కడ అర్థంలేనిది. 'ఆ కాలేజీలో ఆ విభాగం ఎలా ఉంది' అని అడగాలి. 2024 నుంచి గుజరాత్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రవేశాలన్నీ జీకాస్ అనే ఉమ్మడి పోర్టల్‌లో నడుస్తున్నాయి. ఒకే దరఖాస్తులో సూరత్, వడోదర రెండూ పెట్టుకోవచ్చు.

మాధ్యమం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. ప్రభుత్వ సహాయంతో నడిచే ఆర్ట్స్ కాలేజీల్లో పాఠం చాలావరకు గుజరాతీలో సాగుతుంది. గుజరాతీ మీడియంలో చదివిన తెలుగు పిల్లకు ఇది వరం. సీబీఎస్ఈ ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చిన పిల్లకు మొదటి సెమిస్టరంతా దిక్కుతోచదు. మరోపక్క, గుజరాతీలోనే మూడేళ్లూ రాసి, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం ముట్టకుండా బయటికొస్తే పీజీ ప్రవేశ పరీక్షలో తడబాటు తప్పదు. గుజరాతీలో వింటూ ఇంగ్లిష్‌లో చదవడం అలవాటు చేసుకున్నవాళ్లే గట్టెక్కుతారు.

ప్రైవేటులో ఆరో యూనివర్సిటీ లాంటివి సూరత్‌లో ఉన్నాయి. ఇది 2011లో వచ్చింది. ఇంగ్లిష్ బోధన, చిన్న తరగతులు, మంచి భవనాలు. ఫీజు ప్రభుత్వ కాలేజీతో పోల్చే స్థాయిలో ఉండదు. ఇలాంటి చోట నా ప్రశ్న ఒక్కటే. విద్యార్థులను ఏ ఆసుపత్రికి, ఏ స్కూలుకు ఫీల్డ్‌వర్క్‌కు పంపుతున్నారు, అక్కడ వాళ్ల పనిని ఎవరు చూస్తున్నారు? దానికి సంస్థ పేరుతో, మనిషి పేరుతో జవాబు వస్తే ఆ ఫీజు గురించి ఆలోచించవచ్చు. 'పరిశ్రమతో అనుసంధానం' లాంటి మాటలొస్తే టీ తాగి లేచి రావచ్చు.

వడోదర మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం 1949 నుంచి ఉంది. గుజరాత్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లిష్ మాధ్యమానికి పేరున్నది. సైకాలజీ విభాగం అక్కడ విద్యాశాస్త్రంతో కలిసి ఒకే ఫ్యాకల్టీగా నడుస్తుంది. స్కూలు పిల్లలతో పనిచేయాలనుకునేవాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. సూరత్ నుంచి రైల్లో 130 కిలోమీటర్లు, రెండు గంటల లోపే. గుజరాతీలు 'అప్-డౌన్' అంటారే, పాస్ తీసుకుని రోజూ వెళ్లిరావడం, అలా చేసే ఉద్యోగులు ఈ మార్గంలో బోలెడుమంది. డిగ్రీ పిల్లకు మాత్రం అది పనికిరాదు. సాయంత్రం ప్రాక్టికల్ వదిలేసి రైలు పట్టుకోవాలంటే ఆ చదువు సగమే మిగులుతుంది. హాస్టల్లో ఉండి, రెండు వారాలకోసారి ఇంటికొచ్చే దూరమది. తల్లి పెట్టిన ప్రశ్నార్థకాల్లో ఎక్కువభాగం దీంతోనే కొట్టేయొచ్చు.

ఢిల్లీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష మార్కులే ప్రమాణం. సైకాలజీ ఆనర్స్‌కు పోటీ విపరీతం. మంచి కాలేజీలో సీటొస్తే ఫీజు తక్కువే గానీ, సీటొచ్చిన ప్రతివాళ్లకూ హాస్టల్ రాదు, బయట గది అద్దె ఫీజును మింగేస్తుంది. సీటూ హాస్టలూ రెండూ దక్కితే వెళ్లాలి. ఒక్కటే దక్కితే ఆగి ఆలోచించాలి.

పెన్సిల్‌తో రాసిన హైదరాబాద్ మీదే ఆ ఇంట్లో అందరికీ మమకారం. నవజీవన్ రైలెక్కితే వరంగల్‌లో దిగొచ్చు, మేనత్త ఉంది, పండక్కి పోవచ్చు. మమకారం పక్కన పెట్టి చూస్తే అక్కడ గట్టి అవకాశం హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని హెల్త్ సైకాలజీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. సీట్లు కొద్ది, సీయూఈటీ దారి. కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి సూరత్‌లో చదివిన పిల్లకు స్థానికత అడ్డు రాదు. బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కాలేజీలో సైకాలజీకి ఎప్పటి నుంచో పేరుంది. తెలంగాణ రాష్ట్ర కాలేజీల్లో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా చేరాలంటే మాత్రం స్థానికత నిబంధనలు ముందే చదువుకోవాలి. తాతది జగిత్యాల అయినంత మాత్రాన సూరత్‌లో పుట్టి పెరిగిన మనవరాలు స్థానికురాలైపోదు. ఏ రాష్ట్రపు కుల ధ్రువపత్రం చెల్లుతుందో కూడా దరఖాస్తుకు ముందే కనుక్కోవాలి, ఆఖరిరోజు నెట్ సెంటర్లో కాదు.

అద్దంలో నక్షత్రం

ర్యాంకుల పట్టికలో కనిపించనిదీ, పావుగంటలో తేలిపోయేదీ ఒకటుంది. ప్రాక్టికల్ గది.

సైకాలజీ ల్యాబ్ అంటే పెద్ద యంత్రాలేమీ ఉండవు. ముల్లర్-లయర్ బోర్డు ఉంటుంది. రెండు గీతలు సమానంగానే ఉన్నా చివరి బాణాల వల్ల ఒకటి పొడుగ్గా కనిపిస్తుంది. కంటికి రెండూ సమానమనిపించేదాకా జరిపి, ఎన్ని మిల్లీమీటర్లు తప్పామో వెనకున్న స్కేలు మీద చదవాలి. ఇంకోటి అద్దంలో గీసే పరికరం. కాగితం మీద జంట గీతల నక్షత్రం, ఎదురుగా అద్దం, చెయ్యి నేరుగా కనబడకుండా అడ్డంగా ఒక పలక. అద్దంలో చూస్తూ ఆ రెండు గీతల మధ్య నుంచే పెన్సిల్ నడపాలి. కొమ్ము తిరిగేచోట చెయ్యి పైకి పొమ్మంటే కిందికి పోతుంది. పక్కన స్నేహితురాలు స్టాప్‌వాచ్ పట్టుకుని, గీత దాటిన ప్రతిసారీ ఒక తప్పు రాసుకుంటుంది. పదిసార్లు గీసేసరికి తప్పులు తగ్గుతాయి. అప్పుడు ఎడం చేతికి పెన్సిలిస్తే, ఎప్పుడూ గీయని ఆ చెయ్యి కూడా కుడిచేతి సాధనతో కొంత బాగుపడిందని లెక్కల్లో తేలుతుంది. నైపుణ్యం చేతిలోనే ఉండదని పిల్లకు ఆ మధ్యాహ్నం తెలుస్తుంది. ఆ పాఠం గైడు పుస్తకంలో చదివిన పిల్లకూ, గీసి చూసిన పిల్లకూ తేడా ఎమ్మే ఇంటర్వ్యూలో ఇట్టే పట్టుబడుతుంది.

కాలేజీ చూడ్డానికి వెళ్లినవాళ్లు ఆ గది తాళం తీయించాలి. అద్దం మీద దుమ్ము ఉందా, స్టాప్‌వాచ్ నడుస్తోందా చూడాలి. నిరుటి విద్యార్థుల ప్రాక్టికల్ రికార్డులు రెండు తిరగేయాలి. అన్ని రికార్డుల్లోనూ ఒకే అంకెలుంటే ప్రయోగం జరగలేదన్నమాట. మనుషులు వేరైనప్పుడు తప్పులూ వేరుగానే ఉంటాయి.

ల్యాబు తర్వాత చూడాల్సింది మనుషుల్ని. సైకాలజీ మన దేశంలో మొదటినుంచీ మనుషుల చుట్టూ పెరిగిన సబ్జెక్టు. 1916లో కలకత్తాలో ఎన్.ఎన్. సేన్‌గుప్తా, 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి చేతుల మీదుగా తొలి విభాగాలు నిలబడ్డాయి. తెలుగునాట ఉదాహరణ మరీ విచిత్రమైంది. అమెరికా డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్‌తో పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు 1960ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరామనోవిజ్ఞానానికి ఏకంగా ఒక విభాగమే పెట్టారు. పరోక్ష జ్ఞానం, పునర్జన్మ లాంటి వాటిపై విశాఖ సముద్రపొడ్డున ప్రయోగాలు నడిచాయి. ఆ శాస్త్రం మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, నాకైతే అనుమానమే ఎక్కువ. ఆయన 1984లో అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. ఒక్క మనిషి ఆసక్తి ఒక విభాగానికి దిశ ఎలా ఇస్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అందుకే, విభాగంలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, వాళ్ల పరిశోధన దేనిమీద అన్నది విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో వెతకాలి. సెమిస్టర్‌కొకరు మారే అతిథి అధ్యాపకులతో నడిచే విభాగమైతే ఎంత పెద్ద పేరున్నా దూరం జరగడమే మేలు.

చదివాక ఎవరు పిలుస్తారు?

పిలిచే చోట్లు పెరుగుతున్నాయి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణంపై ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒక్కరుండాలంది. ఆంధ్రప్రదేశ్ కేసులో వచ్చిన ఆ తీర్పు సూరత్ కోచింగ్ సెంటర్లకూ వర్తిస్తుంది. గుజరాత్ సహా 12 రాష్ట్రాల్లో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని తేలింది. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకు తెలుగులోనూ, గుజరాతీలోనూ మాట్లాడొచ్చు. అంటే ఆ భాషల్లో వినగలిగే మనుషులు కావాలి.

ఆల్థాన్ అమ్మాయికి ఇక్కడ తనకే తెలియని ఆస్తి ఒకటుంది. పవర్‌లూమ్ షెడ్డులో రాత్రి షిఫ్టు చేసే మనిషి తనకు డిప్రెషన్ వచ్చిందని చెప్పడు. "నిద్ర పడ్తలేదు, ఛాతీల బరువున్నది, ఏ పని ముట్టబుద్ధి గాదు" అంటాడు. ఆ మాట ఆ యాసలోనే విని, కుటుంబంతో హిందీలో మాట్లాడి, ఆసుపత్రిలో గుజరాతీలో చెప్పి, రిపోర్టు ఇంగ్లిష్‌లో రాయగల సైకాలజిస్టు లింబాయత్‌కు ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఢిల్లీలో మూడేళ్లు చదివినా రాని విద్య ఇది. ఆమెకు ఇంట్లోనే వచ్చేసింది.

మరి ఆ నోటుబుక్కులో ఏ పేరుకు టిక్కు పెట్టాలి? నా వరకు చెప్పమంటే, ఇంగ్లిష్‌లో చదవగలిగి, హాస్టల్ దొరికితే వడోదర. గుజరాతీలో సౌకర్యంగా ఉండి, ల్యాబు నడుస్తున్న కాలేజీ దొరికితే సూరత్‌లోనే ఉండిపోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. సీయూఈటీలో అదృష్టం వరిస్తే హైదరాబాద్ ఇంటిగ్రేటెడ్ కోర్సును ఢిల్లీ కంటే ముందు పెడతాను, ఐదేళ్లకు దారి తేలిపోతుంది గనక. లక్షల ఫీజు కాలేజీ ఆఖరున. ఆ డబ్బు పీజీకి, ఆ తర్వాతి రెండేళ్లకు దాచాలి. మొదటి మూడేళ్లకే ఉన్నదంతా ఊడ్చిపెట్టి, తీరా ఎమ్మే దగ్గర "ఇక చాల్లే, బీఎడ్ చెయ్" అనే ఇళ్లకు మన దగ్గర కొదవలేదు. సైకాలజీలో బీఏతో ఆగిపోతే నానమ్మ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఈ వారంలోనే పిల్లను వెంటబెట్టుకుని రెండు కాలేజీలకైనా వెళ్లండి. ప్రిన్సిపాల్ గదికంటే ముందు ప్రాక్టికల్ గదికి వెళ్లండి. రెండో ఏడు చదువుతున్న విద్యార్థులు ఇద్దరితో, పక్కన అధ్యాపకులు లేనప్పుడు, పిల్లనే మాట్లాడనివ్వండి. సీటు డబ్బు ఆ తర్వాతే కట్టండి.